సున్నా కన్నా తక్కువ

అత్తగారి వేళ్ళలో సూది దిగే చోటు దొరకడం కష్టం. నిప్పుల దగ్గర పనిచేసి పనిచేసి కొసలన్నీ కాయలు కాచి గట్టిపడ్డాయి. లోర్నా ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, ఉంగరపు వేలి పక్కన కాస్త మెత్తగా ఉన్న చోటు తడిమి చూసి గుచ్చింది. గుచ్చినా నెత్తురు వెంటనే రాదు. వేలిని మొదలు నుంచి కొస దాకా మెల్లగా పిండాలి. ఎట్టకేలకి ఓ చుక్క పైకి వచ్చింది. షుగర్ మిషను పట్టీ దాన్ని పీల్చుకుని, కాసేపు ఆలోచించి, రెండువందల ఇరవై ఆరు అని చూపించింది.

ఎంత అని అత్తగారు ఫెలిసిదాద్ అడిగింది. నిన్నటికన్నా ఎక్కువేనని లోర్నా చెప్పింది. ఆవిడ వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి పెరట్లో అరటాకుల దగ్గరికి వెళ్ళిపోయింది.

డిసెంబరు మొదలైంది. క్రిస్మస్‌కి ముందు వరసగా తొమ్మిది తెల్లవారుజాములు తయాబాస్ ఊరి పెద్ద చర్చిలో పూజలు జరుగుతాయి. పూజ అయి బయటికొచ్చిన జనం చలికి భుజాలు ముడుచుకుని నేరుగా బిబింకా కొట్ల మీదికి వస్తారు. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిలో కొబ్బరిపాలు కలిపి, అరటాకు పరిచిన మట్టిమూకుడులో పోసి, కిందా పైనా నిప్పులు పెట్టి కాల్చే రొట్టె అది. ఊళ్ళో ఆ రొట్టె చాలామందే చేస్తారు. అయినా పెళ్ళినాటి నుంచీ ఫెలిసిదాద్ పొయ్యి చర్చి ఎడమ గోడ పక్కనే ఉంటుంది. వరసలో నిలబడ్డవాళ్ళు కూడా ఆవిడ పొయ్యి ముందే ఎక్కువమంది నిలబడతారు. ఆ సంగతి ఆవిడ తనంతట తాను ఎప్పుడూ చెప్పుకోదు గానీ, ఎవరైనా చెబితే మాత్రం కాదనదు.

ఆ పొయ్యిని నెల కిందటే పెరట్లోకి తీసి, రోజూ ఒకటో రెండో రొట్టెలు కాల్చి చూసి ఇరుగుపొరుగుకి పంచుతోంది. ఇవాళ దాన్ని పండగకి సిద్ధం చేస్తోంది. ఇనప కాళ్ళ మీద మట్టి పొయ్యి. దాని మీదికి బొగ్గులు పోసే రేకు. రేకు అంచుల్లో తుప్పు గీకింది. మట్టిలో బీట కనిపించిన చోట బూడిదా బంకమట్టీ కలిపి మెత్తింది. తర్వాత అరటాకుల్ని నిప్పు సెగ మీద ఒక్కొక్కటీ అటూ ఇటూ తిప్పింది. సెగ తగలగానే ఆకు నిగనిగలాడి మెత్తబడుతుంది, ఇక మడిచినా చిరగదు.

లోర్నా వంటింటి గుమ్మంలో నిలబడి అదంతా చూస్తోంది. షుగరు అంత ఎక్కువ వచ్చినందుకు తనకి దిగులు వెయ్యాలని ఆమెకి తెలుసు. వెయ్యలేదు. జులైలో కడుపు పోయిన దగ్గర్నుంచీ ఆమెకి ఏదీ తగలడం లేదు. వాన పడుతుంటే పడుతోందనుకుంటుంది. భర్త నెస్తర్ ఏదైనా జోకు వేస్తే, ఇక్కడ నవ్వాలి కదా అనుకుని నవ్వుతుంది. అప్పట్లో కొన్ని వారాలపాటు మంచం దిగలేదు. ఆడపడుచు మిలాగ్రోస్ ఒక ఆదివారం షుగర్ మిషను తెచ్చి, అమ్మ తిండి లెక్క ఇకనించీ నీదే అని చేతిలో పెట్టాక, ఆ లెక్క కోసం లేచింది. లేచిన మనిషి మళ్ళీ పడుకోలేదు. ఇంట్లో అందరూ దాన్నే గొప్పగా చెప్పుకున్నారు.

లెక్క కష్టమైనదేం కాదు. పొట్లం వెనక ఉన్న పట్టికలో పిండిపదార్థం ఎంతో చూడాలి, అందులోంచి పీచు ఎంతో అంత తీసెయ్యాలి. పీచు ఒంటికి పట్టదు, వచ్చినట్టే పోతుంది. మిగిలిందే నికరం. రక్తంలోకి చక్కెరై చేరేది ఆ నికరం ఒక్కటే. లోర్నా ఫోన్లో ఒక గ్రూపు ఉంది. అన్నం మానేసినవాళ్ళూ, మానేద్దామనుకుంటున్నవాళ్ళూ, మానేశామని చెప్పి తింటున్నవాళ్ళూ వేలమంది ఉన్నారందులో. వంకాయ నికరమెంత, బొప్పాయి నికరమెంత అని పొద్దస్తమానం అడుగుతూనే ఉంటారు. లోర్నా వాళ్ళతో మాట్లాడదు. చదువుతుంది, తీసివేతలు చేస్తుంది. ఒక అంకెలోంచి ఇంకో అంకె తీసేసేటప్పుడు తల లోపల కాసేపు ఏ చప్పుడూ ఉండదు.

అత్తగారికి బియ్యం పూర్తిగా మానిపించింది. కొబ్బరిపిండితో చిన్న రొట్టెలు చేసి పెట్టేది. మొదట వాడిన పిండి నికరం కాస్త ఎక్కువే ఉండేది. అందుకని పూటకి రెండు రొట్టెలు మాత్రమే అని కచ్చితంగా ఉండేది. షుగరు దిగింది. డాక్టరు మాత్రల్లో సగం తగ్గించాడు. తర్వాత, నవంబరు మొదట్లో వచ్చే చనిపోయినవాళ్ళ పండుగ ముందు, పక్క ఊరు లూసెనాలో తను ఎప్పుడూ కొనే కొట్లో ఆ పిండి అయిపోయింది. దాని బదులు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పిండి ఉంటే తెచ్చింది. పట్టిక చూసి పిండిపదార్థంలోంచి పీచు తీసేస్తే సున్నా కన్నా తక్కువ వచ్చింది. తను తప్పు చేశానేమోనని మళ్ళీ తీసింది. మళ్ళీ అంతే. గ్రూపులో వెతికితే, అలా వస్తే భయపడకుండా సున్నా అని రాసుకోమని ఎవరో ఎప్పుడో చెప్పిన మాట కనబడింది. దాని కింద అంతా చప్పట్ల బొమ్మలు పెట్టారు. లోర్నా సున్నా అనుకుంది. సున్నా అయినప్పుడు ఇక లెక్కెందుకు? అత్తగారు అడిగినన్ని రొట్టెలు పెట్టింది. అన్నం బదులు అదే పిండితో జావ కాచింది. పెద్దావిడ తీపి లేక మొహం వాచిపోయిందని సాయంత్రాలు అదే పిండితో కేకులు కూడా చేసింది. చాలా రోజులకి కడుపు నిండిందని ఫెలిసిదాద్ మెచ్చుకుంది.

షుగరు పెరగడం అప్పుడే మొదలైంది. ఆ రెండింటినీ ఎవరూ కలిపి చూడలేదు.

ఆదివారం మిలాగ్రోస్ వచ్చింది. లూసెనాలో మందుల కొట్లో పనిచేస్తుంది. ఇంట్లోకి వస్తూనే చెప్పులు విడిచి మిషను చేతిలోకి తీసుకుంటుంది. మిషను పాత అంకెల్ని దాచుకుంటుంది కదా, ఒక్కొక్కటే వెనక్కి నొక్కుకుంటూ చూసింది. చూస్తున్నకొద్దీ మొహం పాలిపోయింది. ఆమె తండ్రికి ఈ షుగరు వల్లే ముందు బొటనవేలు పోయింది, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా. చివరికి మనిషే పోయాడు. ఆస్పత్రిలో ప్రతిసారీ పక్కన కూర్చున్నది మిలాగ్రోసే. ఆమె కోపమంతా ఆ భయంలోంచే వస్తుంది. ఆ సంగతి తెలిసినా ఆమె కోప్పడితే తట్టుకోవడం ఎవరికీ తేలిక కాదు.

తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. అన్నం తింటున్నావా అని అడిగింది. లేదంది ఫెలిసిదాద్. రొట్టెలు కాల్చి చూస్తున్నావు కదా, వాటిని రుచి చూడట్లేదా అని అడిగింది. పిండి వాసన చూస్తే ఉప్పూ తీపీ తెలిసిపోతాయి, రుచి చూడాల్సిన ఖర్మ తనకి లేదంది. ఒక్క ముక్క కూడా తినలేదా అని మూడోసారి అడిగితే, కన్నకూతురు పోలీసు ప్రశ్నలేస్తే ఏ తల్లయినా ఏం చెబుతుందని నవ్వబోయింది. మిలాగ్రోస్ నవ్వలేదు.

“అమ్మా, రెండే దార్లు. నువ్వన్నా తింటూ ఉండాలి. లేకపోతే లోర్నా పెట్టేదాంట్లోనన్నా ఏదో ఉండాలి.”

లోర్నా రొట్టెల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. “నేను పెట్టేది సున్నా, అక్కా,” అంది. గొంతులో హెచ్చూ తగ్గూ లేదు.

మిలాగ్రోస్ ఆమెని తప్పుపట్టలేదు. పట్టి ఉంటే అదింకా నయమయ్యేది. గొంతు తగ్గించి, నువ్వు బాగా అలిసిపోయావు, జులై నుంచీ నీ ఒళ్ళు నీ స్వాధీనంలో లేదు, అమ్మని కొన్నాళ్ళు నా దగ్గరికి తీసుకెళతాను, వంటా లెక్కా అన్నీ నేను చూసుకుంటాను, నువ్వు హాయిగా విశ్రాంతి తీసుకో అంది. నెస్తర్ గోడకి ఆనుకుని, తను సవారీలకి నడిపే మోటారు ట్రైసికిల్ తాళంచెవి వేలికి తిప్పుకుంటూ, అదీ మంచిదేనన్నాడు.

సరేనంది లోర్నా. పళ్ళెం బల్ల మీద పెట్టింది. మూత పెట్టింది. మూత సరిగ్గా కూర్చుందో లేదో చూసింది. పడకగది వైపు నడిచింది. చేతులు ఖాళీగా ఉన్నాయి, చేయాల్సిందేమీ లేదు. తలుపు తెర పక్కకి తీస్తుండగా వెనక నుంచి అత్తగారి గొంతు వినబడింది.

“నేనే తిన్నాను.”

అందరూ తిరిగి చూశారు. ఫెలిసిదాద్ బల్ల మీద లేని రొట్టె తునకల్ని అరచేత్తో ఊడుస్తోంది.

“అంచులు,” అంది. “అంచులు మాడితే జనం తీసుకోరుగా. పారెయ్యబుద్ధి కాలేదు. రోజూ కాల్చి చూస్తున్నా. రోజూ తింటున్నా.”

మిలాగ్రోస్ ఏడ్చింది. నెస్తర్ అక్కడే తీర్మానం చేసేశాడు. పొయ్యి ఇంట్లో ఉండకూడదు. వెనక వీధిలో కోరా చాలా ఏళ్ళుగా ఆ పొయ్యి మీద కన్నేసి ఉంది, ఆమెకిచ్చేద్దాం. చర్చి గోడ పక్క జాగా కూడా ఆమెకే వదిలేద్దాం. ఫెలిసిదాద్ బేరం చెయ్యలేదు, బతిమాలలేదు.

లోర్నా తెర పట్టుకుని అలాగే నిలబడింది. అత్తగారు తిన్నారన్నమాట అనుకుంది. అయితే నా లెక్క తప్పు కాదన్నమాట అనుకుంది. ఆ రెండో మాట దగ్గర ఆమెకి కొంచెం తేలికపడింది. తర్వాత తల్చుకున్నప్పుడల్లా, అన్నిటికన్నా సిగ్గేసింది ఆ తేలికకే.

మర్నాడు పొద్దున్న నెస్తర్ పొయ్యిని ట్రైసికిల్ పక్కబండిలోకి ఎక్కించాడు. కోరా పసుప్పచ్చ గొడుగేసుకుని వచ్చి, తప్పు చేస్తున్నదానిలా దూరంగా నిలబడింది. ఫెలిసిదాదే ఆమెని దగ్గరికి పిలిచింది. వెనక కాలు కాస్త పొట్టి, కింద చెక్కముక్క పెట్టుకోమంది. ఎడమ మూల సెగ ఎక్కువ, ఆ మూల మూకుడుని సగంలో ఒకసారి తిప్పమంది. పై రేకు నిప్పుల మీద అరచెయ్యి ఆడించి, వేడి మణికట్టు దాకా వస్తే సరిపోయినట్టు, మోచేతి దాకా పాకితే రెండు బొగ్గులు తీసెయ్యాలి అని చేసి చూపించింది. అక్కడ నిప్పులు లేవు. ఖాళీ రేకు మీదే చెయ్యి ఆడించింది. కోరా కళ్ళు తుడుచుకుంది. లోర్నా పక్కనే ఉండి, మట్టిమూకుళ్ళని పాత పేపర్లలో చుట్టి బుట్టలో సర్దింది, ఒకటి కూడా పగలకుండా.

పొయ్యి పోయినా షుగరు దిగలేదు. మంగళవారం రెండువందల పద్దెనిమిది. బుధవారం ఇంకా ఎక్కువ. నెస్తర్ ఆ రోజు పని నుంచి వస్తూ ఇత్తడి తాళం ఒకటి తెచ్చి బియ్యపు డబ్బాకి వేశాడు. తాళంచెవి మెళ్ళో సిలువతో కలిపి తగిలించుకున్నాడు. తల్లి వైపు చూడకుండా, నీ మంచికేనమ్మా అన్నాడు. తను పుట్టినప్పటి నుంచీ తన నోట్లో అన్నం పెట్టిన మనిషి చూస్తుండగా బియ్యానికి తాళం వేశాడు. ఫెలిసిదాద్ ఆ తాళాన్ని దగ్గరికెళ్ళి చూసి, గట్టిదే కొన్నావు అంది. వాకిట్లోకెళ్ళి కూర్చుంది. ఏళ్ళ తరబడి ఆ వేళకి పిండి రుబ్బుకుంటూ ఉండే మనిషి. కూర్చోవడం అలవాటు లేక, కాసేపటికోసారి లేచి గౌను దులుపుకుని మళ్ళీ కూర్చుంది.

గురువారం కొబ్బరిపిండి అడుగంటింది. లోర్నా ఊళ్ళ మధ్య తిరిగే జీప్నీ బండి ఎక్కి లూసెనా వెళ్ళింది. ఆస్ట్రేలియా పిండి అయిపోయింది, పాతదే, అమెరికాది, మళ్ళీ వచ్చింది. ఒక పొట్లం తీసుకుని తిరుగు జీప్నీలో కిటికీ పక్కన కూర్చుంది. ఊరికే కూర్చోలేక, అలవాటు కొద్దీ పట్టిక చదివింది. నూటికి పిండిపదార్థం అరవై నాలుగు. పీచు ముప్పై ఎనిమిది. నికరం ఇరవై ఆరు. మొదట్లో కూడా ఇంతే వచ్చినట్టు గుర్తు. మళ్ళీ పూటకి రెండు రొట్టెల కట్టడిలోకి వెళ్ళాలన్నమాట, సున్నా పిండి ఇంక దొరకదన్నమాట అనుకుంది. ఎదురు సీట్లో కూర్చున్నామె బుట్టలోంచి కోడిపుంజు ఒకటి తల బయటపెట్టి కొక్కొరొక్కోమంటోంది. అందరూ నవ్వుతున్నారు.

ఇంటికొచ్చి ఖాళీ పొట్లం పారెయ్యబోతూ దాన్నీ తిప్పి చూసింది. పీచు ముప్పై ఎనిమిది. పిండిపదార్థం ఇరవై ఆరు.

రెండు పొట్లాల్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఇదీ కొబ్బరే, అదీ కొబ్బరే. రెండింట్లోనూ ఇంకేమీ కలపలేదని రాసే ఉంది. రెండు చోట్లా పీచు ఒకటే. తను చెమటోడ్చి తీసివేత చేస్తే వచ్చిన ఇరవై ఆరు, రెండో పొట్లం మీద ముందే అచ్చేసి ఉంది. లోర్నా ఫోను తీసి గ్రూపులో మొట్టమొదటిసారి తనే ఒక ప్రశ్న అడిగింది. దవావోలో ఉండే ఎవరో ఆమె వెంటనే జవాబిచ్చింది. అమెరికావాళ్ళు పీచుని కలిపి రాస్తారు, కనక మనం తీసెయ్యాలి. ఆస్ట్రేలియావాళ్ళు పీచు తీసేశాకే పిండిపదార్థం రాస్తారు, పీచుని విడిగా చూపిస్తారు. దాంట్లోంచి మనం మళ్ళీ తియ్యకూడదమ్మాయ్, ఇక్కడ చాలామంది ఈ తప్పే చేస్తారు అని, కింద ఒక నవ్వు బొమ్మ పెట్టింది.

ఒక తిండి సున్నా కన్నా తక్కువ ఎలా అవుతుందని తను అప్పుడే ఆగి అడగాల్సింది. తింటే ఉన్న చక్కెర తగ్గిపోయే రొట్టె లోకంలో ఎక్కడుంటుంది? తీసేసినదాన్నే మళ్ళీ తీసి, సున్నా అని చెప్పి, జావా రొట్టే కేకూ అన్నీ తన చేత్తో కొసరి కొసరి పెట్టింది. పెద్దావిడ ఎంగిలి పడ్డానని చెప్పిందే గానీ, నిజానికి ఆవిడ ఒంట్లోకి వెళ్ళిందంతా తన చేతుల మీదుగానే వెళ్ళింది. చాలా నెలల తర్వాత లోర్నాకి ఒంట్లో ఏదో కదిలినట్టు తెలిసింది. అది భయం.

ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం పళ్ళెంలో రెండే రొట్టెలు, చిన్నవి, పెట్టింది. వేయించిన చేప, ఆనపకాయ కూర ఎక్కువ పెట్టింది. జావ లేదు. కేకు లేదు. ఫెలిసిదాద్ పళ్ళెం వైపు చూసి, కోడలి మొహం వైపు చూసింది. ఇంకో రొట్టె కావాలని అడగలేదు.

మూడు పూటలు గడిచేసరికి నూట తొంభై. తర్వాత నూట యాభై లోపు. నెస్తర్ మిషను పట్టుకుని వాకిట్లో నిలబడి అక్కకి ఫోను చేశాడు. తాళం పని చేసిందక్కా, పొయ్యి పోవడమూ మంచిదైంది అని వీధి చివరి దాకా వినబడేలా చెప్పాడు. అటు నుంచి మిలాగ్రోస్ దేవుడికి దండం పెట్టుకోవడం లోర్నాకీ వినబడింది. ఇప్పుడు చెప్పాలని నోరు తెరిచింది. చెబితే ఎవరు నమ్ముతారు? షుగరు దిగిందంటే ఆవిడ తిన్నట్టే కదా. తను లెక్క సరిచేసిన కొద్దీ ముసలావిడ దొంగతనం రుజువవుతోంది.

తొలి పూజనాడు ముగ్గురూ చీకటితోనే చర్చికి వెళ్ళారు. పూజ అయి బయటికి రాగానే మాడిన అరటాకు వాసన, కొబ్బరి వాసన, బొగ్గుల పొగ. ఎడమ గోడ పక్క ఆ పొయ్యే, ఆ జాగాయే. కోరా చెమటలు కక్కుతూ మూకుళ్ళు మారుస్తోంది. జనం వరసలో మూడొంతులు మునుపటివాళ్ళే. ఫెలిసిదాద్ కాస్త దూరంలో, శాలువా తల మీదికి లాక్కుని నిలబడింది. ఎడమ మూల మూకుడుని కోరా తిప్పడం మర్చిపోయినప్పుడు ఆవిడ కుడిచెయ్యి శాలువాలోంచి కొంచెం ముందుకొచ్చి ఆగిపోయింది.

వరసలోంచి చేపల మార్కెట్ దొమింగా ఆవిడని చూసింది. “ఏమ్మా ఫెలీ, సరుకంతా నువ్వే బుక్కేస్తున్నావని పొయ్యి లాక్కున్నారంటగా? మాకు మిగిల్చేదానివి కూడా కాదన్నమాట ఇన్నాళ్ళూ.”

వరసంతా నవ్వింది. ఫెలిసిదాద్ కూడా నవ్వింది. “అందుకే ఇంత లావయ్యా,” అని తన ఎండిన నడుం మీద చెయ్యేసి చూపించింది. జనం ఇంకా నవ్వారు.

నెస్తర్ సవారీ దొరికిందని వెళ్ళిపోయాడు. అత్తా కోడళ్ళిద్దరే నడుచుకుంటూ ఇంటి దారి పట్టారు. వీధి దీపాలు ఇంకా ఆరలేదు. చాలా దూరం నడిచాక లోర్నా ఆగింది.

“అమ్మా, మీరేం తినలేదు.”

“నేను తినలేదని నాకు తెలీదా?” అంది ఫెలిసిదాద్, నడుస్తూనే.

లోర్నా పరిగెత్తినంత పని చేసి ఆవిడని అందుకుంది. పొట్లాల సంగతి చెప్పింది. ముందే తీసేసిన పీచుని మళ్ళీ తీసేశానంది. సున్నా అంటూ పెట్టిందంతా సున్నా కాదంది. ఆవిడ వింది. ఇరవై ఆరు, ముప్పై ఎనిమిది ఆవిడకి ఎక్కలేదు గానీ, తల ఊపింది.

“నీ రొట్టెల్లోనే ఉందని అప్పుడే అనుకున్నా. నేను తినంది నాకు తెలుసు. ఇక మిగిలింది అదేగా.”

“మరి తిన్నానని ఎందుకు చెప్పారు?”

ఫెలిసిదాద్ ఎవరింటి గేటు మీదో వేలాడుతున్న నక్షత్రం లాంతరు సరిగ్గా వెలుగుతోందో లేదో చూసింది.

“ఎవరో ఒకరు చెయ్యాలిగా ఆ తప్పు. రొట్టెలమ్మే ముసల్ది రొట్టె తిందంటే ఎవరైనా నమ్ముతారు. నువ్వా రోజు పళ్ళెం పెట్టేసి గదిలోకెళుతున్నావు. ఆ నడక నేను జులైలో చూశాను. పొయ్యి లేకపోతే నాకేం కాదు, ఇంకేదన్నా చేసుకుంటాను. నువ్వు మళ్ళీ మంచమెక్కితే లేపడం నాకు చేతకాదమ్మా. పోయినసారే చేతకాలేదు. ఆ లెక్కలే లేపాయి నిన్ను.”

లోర్నాకి ఏడుపొచ్చింది. వీధి మధ్యలో, పూజ నుంచి వస్తున్న జనం పక్కనించి తప్పుకుని వెళుతుండగా ఏడ్చింది. పొయ్యి కోసం ఏడ్చింది. జులై కోసం అప్పుడు ఏడవంది కూడా ఇప్పుడే ఏడ్చింది. ఫెలిసిదాద్ ఊరుకోమనలేదు. శాలువా ఒక కొస ఆమె భుజం మీదికి వేసి, జనానికి మొహం కనబడకుండా అడ్డంగా నిలబడింది. ఏడుపు తగ్గాక, ఇంట్లో చెప్పకు, మిలాగ్రోస్ ఆ మిషను లాక్కుంటుంది అని మాత్రం అంది.

లోర్నా చెప్పింది. ఆదివారం మిలాగ్రోస్ ఆరంజ్ పళ్ళ సంచితో నవ్వుతూ వచ్చి కూర్చోగానే రెండు పొట్లాలూ ఆమె ముందు పెట్టింది. నెస్తర్‌ని కూడా కూర్చోమంది. మిలాగ్రోస్ మొదట నమ్మలేదు. పొయ్యి పోయాకే కదా దిగింది అంది. పొయ్యి పోయాక కూడా నాలుగు రోజులు దిగలేదు, నేను రొట్టెలు తగ్గించాక దిగింది, మిషను తీసి చూడక్కా అంది లోర్నా. మిలాగ్రోస్ చూసింది. పొట్లాలు తిప్పి చూసింది. వేలితో బల్ల మీద తనే తీసివేత చేసింది. ఇంకోసారి చేసింది. తర్వాత తల్లి వైపు తిరిగి, మరి నువ్వు తిన్నానని అబద్ధం చెప్పావా అని అడిగింది.

“తినలేదని నిజం చెప్తే మూడుసార్లు అడిగావు,” అంది ఫెలిసిదాద్. “తిన్నానంటే మళ్ళీ అడగలేదు.”

నెస్తర్ మెళ్ళోంచి తాళంచెవి తీశాడు. సిలువా అదీ చిక్కుపడ్డాయి, విడదీయడానికి చాలాసేపు పట్టింది. తాళం తీసి జేబులో వేసుకుని, ఎవరి మొహం చూడకుండా కోరా ఇంటికి వెళ్ళాడు. కోరా మంచి మనిషే గానీ, క్రిస్మస్ దాకా రొట్టెలకి మాటిచ్చేసింది, బియ్యం నానబోసేసింది. పండగ వెళ్ళాక పొయ్యి తనే మోసుకొచ్చి ఇస్తానంది. అంతకుమించి ఆమెని అడగడం న్యాయమూ కాదు. ఈ ఏటి తెల్లవారుజాములు ఫెలిసిదాద్‌కి పోయినట్టే.

ఇక తిండి లెక్క ఎవరు చూడాలన్న మాట వచ్చింది. తను వారానికి రెండుసార్లు వస్తానంది మిలాగ్రోస్, మిషను వైపు చెయ్యి చాపుతూ. ఫెలిసిదాద్ మిషనుని జరిపి కోడలి ముందు పెట్టింది. తప్పు చేసిన మనిషికేనా అని మిలాగ్రోస్ మెల్లగానే అడిగింది.

“తప్పెక్కడ జరిగిందో ఇంట్లో తెలిసింది ఆ పిల్లకొక్కదానికే,” అంది ఫెలిసిదాద్.

మర్నాడు పూజ అయ్యాక ఆవిడ ఇంటి దారి పట్టకుండా వెళ్ళి వరసలో నిలబడింది. తన పొయ్యి ముందు తను వరసలో నిలబడడం అదే మొదటిసారి. దొమింగా ముందుకు రమ్మని చోటిచ్చింది, ఈసారి ఏమీ అనలేదు. ఊళ్ళో అప్పటికే అందరికీ తెలిసిపోయింది. కోరా బాగా పొంగిన రొట్టె ఒకటి ఏరి, ఆకులో పెట్టి ఇచ్చింది. ఫెలిసిదాద్ దాన్ని గోడ దగ్గరికి తెచ్చి లోర్నాకి చూపించింది.

“శిక్ష ముందే పడింది. ఇక తప్పు చేసేస్తాను. ఎంత తినొచ్చో చెప్పు.”

లోర్నా రొట్టెని చూసింది. బియ్యం, పంచదార, కొబ్బరిపాలు. ఇందులో పీచు లేదు. తీసెయ్యడానికేమీ లేదు. మొత్తం రొట్టె నికరం నలభై పైన ఉంటుంది.

“పావు ముక్క, అమ్మా. ఇవాళ పొద్దున్న రొట్టెలు మానేస్తే.”

ఫెలిసిదాద్ పావు తుంచింది. ఒక్కసారిగా నోట్లో వేసుకోకుండా, వాసన చూసి, కొరికి, కళ్ళు మూసుకుని నెమ్మదిగా నమిలింది. కోరా అక్కడ్నించి మెడ చాచి చూస్తోంది. పిండి ఇంకో గంట పులవాల్సింది అని ఫెలిసిదాద్ కోడలికి మాత్రమే వినబడేలా చెప్పి, కోరా వైపు చూసి బాగుందన్నట్టు తల ఊపింది. మిగిలిన ముప్పావు ఆకుతో సహా లోర్నా చేతిలో పెట్టింది.

“ఇది నీది. నీకు లెక్క లేదు.”

లోర్నా ఆలోచించకుండా పెద్ద ముక్క కొరికింది. లోపలి పిండి ఇంకా పొగలు కక్కుతోంది. నాలిక చురుక్కుమంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“కాలిందమ్మా,” అంది, నోరు తెరిచి గాలి పీల్చుకుంటూ.

“కాలదా మరి? ఊదుకుని తిను,” అంది ఫెలిసిదాద్.